పన్ను ఎవరిది? ఫలము ఎవరిది?

(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)

   

రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, గ్రంథాలయోద్యమ నాయకులను గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నిర్వాహకులు నాకు మాత్రము పన్నులు, సంక్షేమము, ఆదాయములలోని హెచ్చుతగ్గులు అను విషయమును ఒప్పగించిరి. పండుగ పూట పన్నుల మాటలేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని గ్రంథాలయమునకును పన్నునకును దగ్గర చుట్టరికమే కలదు. మన దేశమున పౌర గ్రంథాలయములకు ప్రత్యేకముగా ఒక పన్ను ఏర్పరచిన తొలి శాసనములలో 1948 నాటి మద్రాసు శాసనము ముఖ్యమైనది. అప్పుడు మన కృష్ణా జిల్లా ఆ రాష్ట్రములోనిదే. తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఆ చట్టము ననుసరించి మీరు కట్టు ఇంటి పన్నులో ప్రతి రూపాయిపైనను 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా చేరుచున్నది.

ఈ 8 పైసల లెక్కను కొంచెము నిదానముగా చూడుడు. ఒకనికి ఇంటి పన్ను 500 రూపాయలనుకొందము. అతడు గ్రంథాలయమునకు 40 రూపాయలు ఇచ్చుచున్నాడు. రెండంతస్తుల మేడగల వేరొకనికి పన్ను 5,000 రూపాయలైనచో అతడిచ్చునది 400. ఇద్దరి పిల్లలును సాయంకాలము ఇదే బల్లయొద్ద కూర్చుండి ఇదే పత్రికను చదువుదురు. పెద్ద ఇంటివానికి పది పత్రికలు వేయరు. చిన్న ఇంటివానికి ఒకే పుట చూపరు. తీసికొనునపుడు శక్తికొలది తీసికొని, ఇచ్చునపుడు అందరికిని సమముగా ఇచ్చు ఏర్పాటిది. కావున కూలివాని బిడ్డ ఇచ్చటికి వచ్చి పుస్తకము తీసికొనుట ఎవరి దయాధర్మము కాదు. వాని తండ్రి కట్టిన పైసలును ఇందులో ఉన్నవి.

నేను చెప్పదలచిన దంతయు ఈ చిన్న లెక్కనుండియే వచ్చును. పన్నును ఒక చేతితో మాత్రమే చూడరాదు. ఎవరి వద్ద ఎంత తీసికొనుచున్నారో, ఆ ధనము ఎవరి ఇంటికి ఏ రూపమున చేరుచున్నదో రెండును కలిపి చూచినగాని అది న్యాయమో అన్యాయమో తెలియదు. ఆర్థికశాస్త్ర పండితులు ఈ విషయముపై వ్రాసిన గ్రంథములు అనేకము కలవు. వానిలో చాలభాగము చదువుట ఇనుప గుగ్గిళ్ళు నమలుటయే. అయినను వారి పరిశోధనల సారమును మన డెల్టా అనుభవముతో పోల్చి చూచినచో అది అంత కఠినముగా నుండదు. ఏలయనగా పన్నుల విషయమున మనకున్నంత అనుభవము తక్కువ ప్రాంతములకే కలదు.

మొదట ఉప్పును తీసికొందము. 1930లో మహాత్ముడు ఉప్పు పన్నును ఎదిరించినప్పుడు మన మచిలీపట్నము తీరమున కూడ సత్యాగ్రహులు ఉప్పు వండి జైళ్ళకు పోయిరి. అప్పుడు 82 పౌనుల మణుగు ఉప్పునకు పన్ను 1 రూపాయి 4 అణాలు. సంఖ్య చూచినచో చిన్నదే. కాని జమీందారు ఎంత ఉప్పు తినునో పాలేరును అంతే తినును. ఎండలో చెమటోడ్చువాడు గనుక వానికి ఇంకొక చిటికెడు ఎక్కువయే కావలెను. జమీందారు ఆదాయములో ఆ పన్ను కంటికి కనబడదు. పాలేరు సంపాదనలో కనబడును. ఆదాయము తగ్గిన కొలదియు భారము పెరుగు ఇట్టి పన్నును శాస్త్రజ్ఞులు తిరోగామి పన్ను అందురు. ఆదాయము పెరిగిన కొలదియు రేటు కూడ పెరుగు పన్నును పురోగామి పన్ను అందురు. ఈ రెండు మాటలును జ్ఞాపకముంచుకొనుడు. మిగిలిన శాస్త్రము నేటికి అక్కరలేదు. ఉప్పు పన్ను 1947లో తొలగినది. కాని ఉప్పు పన్ను వంటి పన్నులు తొలగలేదు.

ఇక భూమి శిస్తు. 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన బెజవాడ ఆనకట్ట మన డెల్టాను మాగాణి చేసినది. కాలువ వచ్చినది, పంట వచ్చినది, వెంటనే ప్రభుత్వపు వాటాయు పెరిగినది. ముప్పదియేండ్లకొకసారి సెటిల్మెంటు చేసి శిస్తు హెచ్చించుట అప్పటి పద్ధతి. 1929-30 ప్రాంతమున కృష్ణా గోదావరి డెల్టాలలో రూపాయికి మూడణాల చొప్పున, అనగా నూటికి 18¾ వంతున, శిస్తు పెంచవలెనని మద్రాసు ప్రభుత్వము సంకల్పించినది. ధాన్యము ధర పడిపోవుచున్న రోజులవి. రైతులు సభలు జరిపిరి, మహజర్లు పంపిరి, కలకలము లేవదీసిరి. ఆ ఆందోళన నడచిన కాలముననే రైతు సంఘములు మన ప్రాంతమున వేరూనినవి.

అప్పటి రైతు పక్షమువారు ఒక గట్టి వాదము తెచ్చిరి. ఆదాయపు పన్నునకు ఒక కనీస పరిమితి కలదు. దానికి లోపు ఆదాయము గలవాడు కట్టనక్కరలేదు. భూమి శిస్తునకు అట్టి పరిమితి లేదేమి? అర ఎకరము గలవాడును ఎకరమునకు అదే రేటు, వంద ఎకరములు గలవాడును అదే రేటు. పంట పండినను ఎండినను రేటు రేటే. రెమిషను దొరకుట అధికారుల చిత్తము. నిడుబ్రోలులో పుట్టి ఆక్స్‌ఫర్డులో ఆర్థికశాస్త్రము చదివిన ఆచార్య రంగాగారు 1926లో డెల్టా గ్రామముల ఆర్థిక వ్యవస్థను గూర్చి ఒక గ్రంథము ప్రకటించిరి. పల్లెటూరి రైతు, కూలి, చేతిపనివాడు ఎట్లు బ్రదుకుచున్నారో లెక్కలతో చెప్పుట మన ప్రాంతమున అప్పటికి కొత్త. ఉపన్యాసకుడుగా ఆయనను ఎరుగనివారు మన జిల్లాలో లేరు గాని, పరిశోధకుడుగా ఎరిగినవారు తక్కువ. అది మన లోపమే.

ఇచ్చట ఒక చారిత్రక విశేషము కలదు. 1860లో మన దేశమునకు ఆదాయపు పన్ను మొదట వచ్చినప్పుడు వ్యవసాయపు ఆదాయమును అందులో చేరియే యుండెను. 1886 చట్టము దానిని విడిచిపెట్టినది. అప్పుడు చెప్పిన కారణము న్యాయముగనే యుండెను: రైతు భూమి శిస్తు కట్టుచున్నాడు గదా, రెండవ పన్ను ఏల? స్వాతంత్ర్యానంతరము రాజ్యాంగము వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు అప్పగించినది. కేంద్రపు ఆదాయపు పన్ను చట్టములో ఆ మినహాయింపు అట్లే నిలిచినది.

మరి మన రాష్ట్రమున 1980ల దశకములో భూమి శిస్తు పోయినది. 1988 నాటి నీటి పన్ను చట్టము వచ్చిన తరువాత రైతు కట్టునది నీటి తీరువా మాత్రమే. శిస్తు పోయినది, 1886 నాటి మినహాయింపు మాత్రము పోలేదు. ఏ కారణముచే మినహాయించిరో ఆ కారణము తొలగిపోయి, మినహాయింపు ఒంటరిగా మిగిలినది.

శిస్తు రద్దును మనమందరమును హర్షించితిమి. హర్షింపవలసినదే. అయినను లెక్క చూతము. ఎకరమునకు పది రూపాయల శిస్తు పోయినదనుకొందము. ఎకరము రైతుకు పది రూపాయలు మిగిలినవి. యాబది ఎకరముల ఆసామికి 500 రూపాయలు మిగిలినవి. భూమి లేని కూలికి ఏమియు మిగులలేదు. సమముగా వేసిన పన్ను వేసినప్పుడు చిన్నవానిని ఎక్కువ బాధించును. తీసివేసినప్పుడు పెద్దవానికి ఎక్కువ మేలు చేయును. నీటి తీరువాలోను ఇదే తంతు. 1996లో పెద్ద కాలువల క్రింద మొదటి వరి పంటకు ఎకరమునకు 200 రూపాయలుగా నిర్ణయించిరి. చేపల చెరువునకు ఏడాదికి 500. కాలువ మొదట నున్నవానికి నిండుగా నీరు పారును; చివరి భూములవాడు వంతులు కాచుకొని, నారు ఎండుచుండగా ఇంజనీరుల చుట్టు తిరుగును. రేటు మాత్రము ఇద్దరికి నొకటే. దివిసీమ చివరి ఊళ్ళ రైతులకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు.

కరీంనగరు జిల్లాలో 1929లో జన్మించిన ఆచార్య సి.హెచ్. హనుమంతరావుగారు ఈ విషయముననే పరిశోధనలు చేసిరి. ఆంధ్రప్రదేశమున వ్యవసాయ భూమిపై పన్నులను గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1966లో వెలువడినది. ఢిల్లీలో పనిచేయుచు మన రాష్ట్రపు శిస్తు లెక్కలను ముందుంచుకొని కూర్చున్న తెలుగు పండితుడాయన. తరువాత 1975లో వ్యవసాయమున సాంకేతిక మార్పులు, వాని లాభముల పంపిణీని గూర్చి మరియొక గ్రంథము రచించిరి. అందులోని ముఖ్యమైన విభజన మన రైతులకు ఇట్టే తెలియును. మేలురకపు విత్తనము, ఎరువు అను మార్పు భూమిని పొదుపు చేయును. అదే ఎకరములో ఎక్కువ పండును, నాట్లకు, కలుపులకు, కోతలకు కూలీలు ఎక్కువ కావలెను. ట్రాక్టరు వంటి యంత్రపు మార్పు మనిషిని పొదుపు చేయును. మొదటి దానిలో కూలివాని ఇంటికి కొంతైనను చేరును; రెండవదానిలో యంత్రము కొనగలవాని లాభము ముందు పెరుగును. ఐ.ఆర్. 8 వచ్చిన నాటి డెల్టాను, వరికోత యంత్రము వచ్చిన తరువాతి డెల్టాను రెంటిని చూచిన వృద్ధులు ఈ సభలో ఉన్నారు. వారికి ఈ భేదమును గ్రంథము చూచి తెలిసికొనవలసిన పని లేదు. కోత యంత్రము వలదని నేననుట లేదు. దానివలన మిగిలినది ఎవరికి మిగిలినదని మాత్రమే అడుగుచున్నాను.

ఆ కాలముననే, 1972లో, ఆచార్య కె.ఎన్. రాజ్ అధ్యక్షతన కేంద్ర ప్రభుత్వము ఒక సంఘము నియమించినది. వ్యవసాయపు సంపదపైనను ఆదాయముపైనను పన్ను ఎట్లుండవలెనో చెప్పుమని కోరినది. ఆ సంఘము వ్యవసాయ కమతముల పన్ను అని ఒక పథకము సూచించినది. నా దృష్టిలో మన దేశమున ఈ విషయముపై వచ్చిన ఆలోచనలలో అంత తెలివైనది మరియొకటి లేదు. ప్రతి ప్రాంతమునకు నేల తీరు, సాధారణ దిగుబడి, ధరలు, ఖర్చులు చూచి ఎకరమునకు ఒక విలువ కట్టుదురు. దానిని బట్టి కుటుంబపు కమతము విలువ ఎన్ని వేల రూపాయలో అందులో సగము సంఖ్య పన్ను శాతమగును. ఎనిమిది వేలైనచో నాలుగు శాతము, అనగా 320 రూపాయలు. పదునారు వేలైనచో ఎనిమిది శాతము, అనగా 1,280. నలుబది వేలైనచో ఇరువది శాతము, అనగా 8,000. ఆదాయము రెండింతలైనప్పుడు పన్ను నాలుగింతలగుట గమనించితిరా? చిన్న కమతములను మొదటి దశలో విడిచిపెట్టుమని కూడ వారు చెప్పిరి. ఇందులో గొప్ప సౌకర్యమేమనగా, రైతు ఖాతా పుస్తకములు వ్రాయనక్కరలేదు. ఎకరము విలువ ముందే కట్టబడియుండును. ఆ సాధారణ విలువకంటె ఎక్కువ పండించుకొన్నవానికి ఆ ఎక్కువ అతని కష్టఫలముగా మిగులును.

ఇది అమలులోనికి రాలేదు. అధికారము రాష్ట్రములది, రాష్ట్ర శాసనసభలలో భూమిగలవారి మాట బలమైనది. పండితులు వ్రాసిన నివేదిక బీరువాలకు పోయినది. ఆ నివేదికలోని మరియొక చిన్న సూచన మాత్రము 1973లో చట్టములోనికి వచ్చినది. ఉద్యోగమో వ్యాపారమో చేయుచు వ్యవసాయాదాయము కూడ గలవానికి, పన్ను రేటు నిర్ణయించుటకు మాత్రము రెండు ఆదాయములను కలిపి చూతురు. పంటపై పన్ను లేదు. పంట చూపి రేటు కొంత పైకి జరుపుదురు.

ఇంతవరకు వినిన మన రైతు సోదరులకు కోపము వచ్చియుండవచ్చును. వారి పక్షమున చెప్పవలసినది కలదు, చెప్పెదను. నవంబరులో తుఫాను వచ్చినచో కుప్ప మీదనే ధాన్యము మొలకెత్తును. పన్నుల అధికారి ఆ నష్టములో పాలు పంచుకొనునా? ధాన్యము ధర రైతు నిర్ణయింపడు. ఎరువుపై, మందులపై, డీజిలుపై, ట్రాక్టరు విడిభాగములపై అతడు పరోక్షముగా పన్ను కట్టుచునే యున్నాడు. రెండెకరముల రైతు ఏడాది చివర లెక్క చూచుకొనినచో తన కూలి కూడ గిట్టుబాటు కాలేదని తేలుట అరుదు కాదు. ఇవన్నియు నిజములే. కాని ఈ నిజములన్నియు రెండెకరముల రైతును గూర్చిన నిజములు. పట్టణమునందుండి, పేరునకు వ్యవసాయాదాయమని చూపి, ఇతర సంపాదనను ఆ గొడుగు క్రిందికి తెచ్చుకొను పెద్దమనిషిని గూర్చినవి కావు. చిన్నరైతు కష్టమును కవచముగా తొడుగుకొని పెద్దవారు తప్పించుకొనుచున్నారు. ఆ కవచమును తీసివేయుమని అడుగవలసినది చిన్నరైతే.

ఇక రెండవ చేతిని చూతము. అనగా ఇచ్చు చేతిని. ఈ సందర్భమున మన పొరుగు ఊరు నిమ్మకూరు బిడ్డ, గుడివాడనుండి శాసనసభకు ఎన్నికైన నందమూరి తారకరామారావుగారి రెండు రూపాయల బియ్యము గుర్తుకు రాక మానదు. 1983లో ఆరంభమైన ఆ పథకము క్రింద పేద కుటుంబమునకు నెలకు మనిషికి 5 కిలోల చొప్పున 25 కిలోల వరకు బియ్యము కిలో 2 రూపాయలకు ఇచ్చిరి. బజారులో కిలో నాలుగు రూపాయలనుకొన్నచో నెలకు యాబది రూపాయలు ఆ ఇంటిలో మిగిలినట్లు. కూలివాని ఇంటిలో అది చిన్న మొత్తము కాదు. ఆకలి తీరుట ఒకటి. కూలి దొరకని వర్షపు రోజులలో ఆసామి గాదె వైపు చూడనక్కర లేకుండుట మరియొకటి. ఈ రెండవ మేలును లెక్కలలో చూపుట కష్టము గాని, గ్రామములో బ్రదికినవారికి తెలియును.

అయితే ఆ బియ్యమునకు డబ్బు ఎచ్చటనుండి వచ్చినది? రాష్ట్రపు ఆదాయములో సారా, మద్యముల రాబడి పెద్ద భాగము. సారాను ప్రభుత్వమే సంచులలో నింపించి వారుణి వాహిని పేర ఊరూరికి చేర్చినది. త్రాగువారిలో అధికులెవరు? ఆ బియ్యము తినువారే. ఒక చేతితో ఇచ్చినది మరియొక చేతితో, అదే ఇంటినుండి, ఇంటి ఇల్లాలి కన్నీటితో కలిపి తీసికొనుట జరిగినది. ఈ సంగతిని ముందుగా పట్టుకొన్నవారు ఆర్థికశాస్త్రజ్ఞులు కారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా ఉద్యమపు వాచకములు చదువుకొన్నవారు, సారా దుకాణము మూయించిరి. చదువు వచ్చినవారు మొదట చేసిన పని తమ ఇంటి లెక్క చూచుకొనుట! గ్రంథాలయ సభలో ఈ మాట చెప్పకపోయినచో నా ప్రసంగమునకు అర్థమే లేదు. 1993లో సారాపై నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. ఖజానాకు రాబడి తగ్గినది. 1996లో బియ్యము ధర కిలో 3 రూపాయల 50 పైసలకు పెరిగినది. 1997లో మద్యనిషేధమును సడలించిరి. మూడు నాలుగేండ్లలో జరిగిన ఈ వరుస చూచినచో పన్నునకు సంక్షేమమునకు గల బంధము ఏ పాఠ్యగ్రంథములోను ఇంత స్పష్టముగా కనబడదు.

ఇది మనకు కొత్తయు కాదు. 1937లో రాజాజీ ప్రభుత్వము సేలము జిల్లాలో మద్యనిషేధము పెట్టి, ఆ లోటు పూడ్చుకొనుటకు 1939లో మద్రాసు రాష్ట్రమున సాధారణ అమ్మకపు పన్ను ప్రవేశపెట్టినది. దేశమున అట్టి పన్నులలో అది మొదటిది. అప్పటినుండి అమ్మకపు పన్ను రూపములు మారుచు వచ్చి 2017 జులై 1న వస్తు సేవల పన్నుగా నిలిచినది. సెల్‌ఫోను రీచార్జిపై 18 శాతము. కోటీశ్వరుడును ఆ శాతమే, పశువుల కాపరియు ఆ శాతమే. నేను ముందు చెప్పిన ఉప్పు లెక్కనే ఇది. అక్కరలన్నియు సమానమైనచోట సమానమైన రేటు సమానముగా నుండదు.

దేశము మొత్తము మీద చూచినచో ఎట్లున్నది? లూకాస్ షాన్సెల్, తోమా పికెటీ అను ఫ్రెంచి పండితులు 1922 నుండి గల మన ఆదాయపు పన్ను రికార్డులు పరిశీలించి 2017లో ఒక పరిశోధన ప్రకటించిరి. వారి అంచనా ప్రకారము దేశపు ఆదాయములో పై ఒక్క శాతము ప్రజల వాటా 1930ల చివర ఇంచుమించు 21 శాతము. 1980ల ఆరంభమునకు 6 శాతమునకు దిగినది. తరువాత మరల పెరిగినది. 2024లో వెలువడిన సవరించిన అంచనా 2022-23నకు ఆ వాటాను 22.6 శాతముగా చెప్పినది. ఈ అంచనాల పద్ధతిని గూర్చి పండితులలో వాదములు కలవు. ఎవరి లెక్క ఎట్లున్నను, దిగి మరల ఎక్కినదను విషయమున పెద్ద భేదము లేదు. దిగిన కాలమున 1956లో కేంబ్రిడ్జి పండితుడు నికొలాస్ కాల్డారు మన దేశమునకు వచ్చి ఇచ్చిన సలహాపై 1957లో సంపద పన్ను, 1958లో బహుమతి పన్ను పుట్టినవి. వానివలననే తగ్గినదని చెప్పుట కష్టము. ఎగవేతలు అప్పుడును విరివిగనే యుండెను. 1953లో వచ్చిన మరణానంతర ఆస్తి సుంకము 1985లో పోయినది. బహుమతి పన్ను 1998లో, సంపద పన్ను 2015లో పోయినవి. ఈ పరిశోధనలలో మనకు సంబంధించిన లోపమొకటి కలదు. ఆదాయపు పన్ను రికార్డులలో పంట ఆదాయముండదు. కావున మన డెల్టాలో ఎవరికెంత యున్నదో ఆ త్రాసులో తూగదు. తూచనిదానిని సరిచేయుట ఎట్లు?

నేటి మన గ్రామములలోని అసలు చిక్కునకు వచ్చెదను. భూమి ఒకరిది, సేద్యము వేరొకరిది. యజమాని విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండును. కౌలుదారు ఎకరమునకు ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకొని పెట్టుబడి తెచ్చి పండించును. పంట పోయినచో పోయినది కౌలుదారుదే. కేంద్ర ప్రభుత్వము 2019 నుండి రైతు కుటుంబమునకు ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చుచున్నది. ఆ ధనము పట్టా ఎవరి పేర నున్నదో వారి ఖాతాకు పోవును. కౌలుదారు అర్హుడు కాడు. బురదలో దిగినవానికి లేదు, బురద చూడనివానికి కలదు. పన్ను వసూలునపుడు మాత్రము ఎరువు బస్తా కొన్నవాడు కౌలుదారే గనుక పరోక్ష పన్ను అతని చేతినుండియే పోయినది.

ఈ దోషమును ప్రభుత్వములు గుర్తింపలేదని చెప్పజాలము. 1956లో కౌలుదారీ చట్టము, 2011లో సాగుదారులకు రుణార్హత కార్డుల చట్టము, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చినవి. ఈ చివరి చట్టము క్రింద పదకొండు నెలలకు ఒక కార్డు ఇత్తురు. దానికి యజమాని సంతకము కావలెను. ఆ సంతకమే దొరకదు. సంతకము పెట్టినచో భూమి పోవునని యజమాని భయము. అడిగినచో వచ్చే ఏడు కౌలు పోవునని కౌలుదారు భయము. రెండు భయముల నడుమ చట్టము నిలిచిపోయినది. ఆ కార్డు భూమిపై హక్కు ఈయదనియు, పదకొండు నెలలకే అది చెల్లుననియు చట్టములోనే వ్రాసియున్నది. కాని దానిని చదివినవారెందరు? ఈ సభలో భూమి కౌలుకిచ్చినవారును ఉన్నారు, కౌలుకు చేయువారును ఉన్నారు. పక్క పక్క కుర్చీలలోనే కూర్చున్నారని నాకు తోచుచున్నది. ఢిల్లీలో పన్నులు సంస్కరింపుమని అరచుటకంటె ఆ ఒక్క సంతకము మీరు పెట్టుట సులభము. సంతకమునకు ఖర్చు లేదు.

గ్రంథాలయ నిర్వాహకులకు నాదొక విన్నపము. ఆ 2019 చట్టము ప్రతిని తెలుగులో తెప్పించి పఠనమందిరములో నలుగురికి కనబడునట్లు పెట్టుడు. దాని ప్రక్కన ఒక పుస్తకము తెరిచి ఏటేటా మన గ్రామమున వసూలైన ఇంటి పన్నెంత, అందులో గ్రంథాలయ సెస్సు ఎంత, ఆ సెస్సు జిల్లా గ్రంథాలయ సంస్థకు జమయైనదా లేదా, నీటి తీరువా ఎంత, రేషను బియ్యము ఎన్ని కుటుంబములకు వచ్చినది, కౌలు కార్డులు ఎన్ని ఇచ్చిరి అను వివరములు వ్రాయించుడు. వీనిలో పెక్కు పంచాయతీ కార్యాలయములోనే దొరకును. అక్కడ దొరకనివి సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టినచో వచ్చును. వ్రాయుటకు హైస్కూలు పిల్లలు చాలుదురు. మొదటి ఏడాది అంకెలు తప్పులతో రావచ్చును. రెండవ ఏడాది ఎవరో ఒకరు వచ్చి దిద్దుదురు. ఆ పుస్తకము కొనుటకు కావలసిన ధనమును నేనిచ్చెదను. అధ్యక్షులవారు అనుమతించినచో మొదటి పుటలోని ఇంటి పన్ను అంకెను ఈ సభ ముగియగనే సర్పంచిగారి చేత వ్రాయించెదము.